వీడియో ఫైలుకు బదిలీ: పెట్టె మారినా సామాను మారకుండా

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ముందుగా కనిపించేవి అట్టపెట్టెలు. గిన్నెలు ఒక పెట్టెలోకి, పుస్తకాలు ఇంకో పెట్టెలోకి వెళతాయి. పైన అమ్మ స్కెచ్ పెన్నుతో "వంటిల్లు", "పూజ సామాను", "గాజు – జాగ్రత్త" అని రాస్తుంది. లారీ ఏ ఊరు చేరినా, పెట్టె విప్పితే లోపల ఉన్నది అదే గిన్నె. అట్టపెట్టె తడిసిపోయిందని గిన్నెను తీసి ఇనపపెట్టెలో పెడితే గిన్నెకు సొట్ట పడదు. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనలో చాలామందిమి మూడేళ్లకోసారి ఆ పెట్టెల మధ్యే కూర్చుని అన్నం తిన్నవాళ్లం.

వీడియో ఫైలు కూడా ఇలాంటి పెట్టే. ఫైలు పేరు చివర చుక్క తర్వాత కనిపించే ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ, ఎంటీఎస్, వీఓబీ అనేవన్నీ పెట్టెల పేర్లు. వీటినే కంటైనర్లు అంటారు. లోపల ఉండే సామాను వేరు: బొమ్మల ప్రవాహం ఒకటి, ధ్వని ప్రవాహం ఒకటి లేదా రెండు, ఒక్కోసారి సబ్‌టైటిళ్లు, వీటన్నిటితో పాటు ఏది ఎక్కడుందో చెప్పే జాబితా. బొమ్మలను, ధ్వనిని ఏ పద్ధతిలో కుదించి మడతపెట్టారో ఆ పద్ధతి పేరు కోడెక్. హెచ్.264 ఒక కోడెక్, ఎంపీ4 ఒక పెట్టె. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే మంచి వీడియోలు పాడవుతున్నాయి. పెట్టె మారిస్తే సరిపోయే చోట చాలామంది సామానంతా విరగ్గొట్టి మళ్లీ అతికిస్తున్నారు.

ఈ పాఠం మాకు ఎందుకు అవసరమైందో చెబుతాం. ఈ ఏడాది పదో తరగతి వీడ్కోలు సభ కోసం పాత వీడియోలు సేకరించాలనుకున్నాం. తెలుగు విభాగంలో మేము ఉన్నది కొద్దిమందిమే, అయినా మా అందరి ఊళ్లూ కలిపితే రైల్వే పటంలా ఉంటుంది. ఒకరి నాన్నగారు కోస్ట్‌గార్డులో, ఒకరి అమ్మగారు ఆసుపత్రిలో, ఇంకొకరి నాన్నగారు తపాలా శాఖలో పనిచేస్తారు. వచ్చిన ఫైళ్లు కూడా అలాగే ఉన్నాయి. విశాఖపట్నంలో ఉన్నప్పుడు హ్యాండీక్యామ్‌తో తీసిన ఎంటీఎస్ ఫైళ్లు, జోధ్‌పూర్‌లో ఎవరో డీవీడీగా చేసి ఇచ్చిన వీఓబీ ఫైళ్లు, ఐఫోన్‌తో తీసిన ఎంఓవీలు, ఆన్‌లైన్ తరగతుల కాలంలో కంప్యూటరు తెర మీదే రికార్డు చేసిన ఎంకేవీలు వచ్చాయి. వీటితో పాటు యానాం నుంచి వచ్చిన ఒక చిన్న 3జీపీ ఫైలు కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

సభలో చూపించే ప్రొజెక్టరుకు కట్టిన కంప్యూటరు వీటిలో సగం తెరవనంది. "కన్వర్ట్ చేసేయండి" అని అందరూ సలహా ఇచ్చారు. ఆ మాటలో రెండు వేరు వేరు పనులు ఇరుక్కుని ఉన్నాయి.

పెట్టె మార్చడం, మడత మార్చడం

ముందు లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు అనుకుంటే ఒక్క బొమ్మకు 62,20,800 బైట్లు. సెకనుకు 25 బొమ్మలు కాబట్టి సెకనుకు సుమారు 155 మెగాబైట్లు. ఒక గంట వార్షికోత్సవానికి దాదాపు 560 గిగాబైట్లు! మన దగ్గరున్న గంట వీడియో మాత్రం ఏ మూడున్నర గిగాబైట్లో ఉంటుంది. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తీసిన ఫైలు అంతే వస్తుంది. అంటే అసలులో సుమారు 155వ వంతు. మిగిలిందంతా ఏమైంది?

కొంత తెలివిగా మడిచారు, కొంత పారేశారు. మడవడం ఎలాగో తరగతి హాజరుపట్టీతో అర్థం చేసుకోవచ్చు. మొదటి రోజు అందరి పేర్లూ రాస్తారు. రెండో రోజు నుంచి "నిన్నటిలాగే, ఫలానావాళ్లు రాలేదు" అని రాసుకున్నా సరిపోతుంది. వీడియోలో కూడా అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేము అంటారు. తర్వాతి బొమ్మలు ముందు వెనుక బొమ్మలతో పోల్చుకుని మారిన భాగాన్ని మాత్రమే రాసుకుంటాయి. ఇక పారేయడం సంగతి. మన కంటికి అంతగా పట్టని సన్నని తేడాలను కోడెక్ తీసేస్తుంది. పారేసింది ఇక రాదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కు తేలేదు. కొత్తగా ఊహించి పూడ్చగలదేమో గానీ, అది మన అమ్మమ్మ ముఖం కాదు, యంత్రం ఊహించిన ముఖం.

ఇప్పుడు ఒక ఫైలును మామూలు కన్వర్టరులో వేశామనుకోండి. అది మడతలన్నీ విప్పి బొమ్మలు తయారుచేసి, వాటిని మళ్లీ కొత్తగా మడుస్తుంది. మడిచేటప్పుడు మళ్లీ కొంత పారేస్తుంది. జిరాక్స్ కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీసినట్టు. మొదటిసారి తేడా కనబడకపోవచ్చు. మూడో ఊరికి, నాలుగో ఫోనుకు చేరేసరికి స్టేజీ మీద పిల్లల ముఖాలు మైనం బొమ్మల్లా ఉంటాయి.

దీన్ని పుదుచ్చేరిలో పరీక్షించడం చాలా తేలిక. వైట్ టౌన్‌లో ఒక పసుపు గోడను అర నిమిషం, గాంధీ విగ్రహం దగ్గర బీచ్ రోడ్డు మీద నిలబడి రాళ్లకు కొట్టుకునే అలలను అర నిమిషం తీయండి. రెండింటినీ వరసగా నాలుగుసార్లు మళ్లీ మళ్లీ కన్వర్ట్ చేసి చూడండి. గోడ దాదాపు అలాగే ఉంటుంది. అలల నురుగు మాత్రం చదరపు ముక్కలుగా విరిగిపోతుంది. గోడలో ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ తేడా లేదు, కాబట్టి మడవడానికి తక్కువ చోటు చాలు. నీటిలో ప్రతి బొమ్మా కొత్తదే. అందుకే చాలని చోటులో ఇరికించాలంటే ఎక్కువ పారేయాలి. మాసి మగం నాడు వైత్తికుప్పం తీరంలో గుమిగూడే జనం, వార్షికోత్సవంలో చల్లే రంగు కాగితాలు, గుంపు నృత్యంలో తిరిగే లంగాలు కూడా ఇలాంటివే. మనం దాచుకోవాలనుకునే సన్నివేశాలే ముందుగా పాడవుతాయి.

పెట్టె మార్చడంలో ఇదేమీ జరగదు. మడతలు విప్పరు. మడిచినవి మడిచినట్టే తీసి కొత్త పెట్టెలో సర్దుతారు, కొత్త జాబితా రాస్తారు. ఈ పనిని రీమక్సింగ్ అంటారు. పోయేది ఏమీ లేదు. పైగా వేగం. మళ్లీ మడవాలంటే మన ల్యాబు కంప్యూటరు గంటల తరబడి వేడెక్కాలి. పెట్టె మార్చడానికి డిస్కు మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి నకలు చేసినంత సేపు చాలు. ఏ సాఫ్ట్‌వేరైనా రెండు గంటల వీడియోను ఒక నిమిషంలో ముగిస్తే అది పెట్టె మాత్రమే మార్చిందని అనుమానించవచ్చు. సంతోషించవలసిన అనుమానం అది.

ఈ ఊరికి కొత్తది కాదు

మన ఊళ్లోనే దీనికి పాత ఉదాహరణలున్నాయి. 1955లో స్థాపించిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరిలో తాటాకు ప్రతులు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇక్కడి శైవ ప్రతుల సేకరణను 2005లో యునెస్కో 'మెమరీ ఆఫ్ ద వరల్డ్' జాబితాలో చేర్చింది. గ్రంథలిపిలో ఉన్న తాటాకుల నుంచి పండితులు అక్షరం అక్షరం చూసి దేవనాగరిలో కాగితం మీదికి ఎక్కించిన ప్రతులు కూడా ఆ సంస్థలో ఉన్నాయి. ఆకు పోయి కాగితం వచ్చింది, లిపి కూడా మారింది, శ్లోకం మారలేదు. అదే శ్లోకానికి ఎవరైనా సారాంశం రాసి అసలును పారేసి ఉంటే? మళ్లీ మడవడం అంటే దాదాపు అదే. ఒక్క తేడా ఉంది. మనిషి నకలు రాస్తే చెయ్యి జారి తప్పు పడవచ్చు. కంప్యూటరు పెట్టె మార్చితే ఆ భయం కూడా తక్కువే, పైగా సరిచూసుకునే దారి ఉంది. అది కింద చెబుతాం.

ఇంకో ఉదాహరణ వీడియో క్యాసెట్ల కాలానిది. ఫ్రాన్సుతో బంధుత్వం ఉన్న కుటుంబాలు పుదుచ్చేరిలో చాలా ఉన్నాయి. అప్పట్లో ఫ్రాన్సు టీవీలది సీకామ్ పద్ధతి, మన దేశానిది పాల్ పద్ధతి. రెండింటిలోనూ బొమ్మకు 625 గీతలే, సెకనుకు 25 బొమ్మలే. రంగును రాసుకునే తీరు మాత్రమే వేరు. అందుకే అక్కడి క్యాసెట్టును పాల్ మాత్రమే తెలిసిన ఇక్కడి యంత్రంలో వేస్తే పెళ్లిబొమ్మ కదిలేది గానీ నలుపు తెలుపుల్లో కదిలేది. క్యాసెట్టు చెడలేదు, యంత్రానికి ఆ రాత చదవడం రాదు, అంతే. "ఈ ఫైలు తెరుచుకోవడం లేదు, పాడైపోయింది" అని మనం అనేటప్పుడు కూడా చాలాసార్లు జరిగేది ఇదే.

ఈ పనికి వాడే రెండు ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లు కూడా ఫ్రాన్సులోనే పుట్టాయి. నారింజ రంగు ట్రాఫిక్ శంకువు గుర్తుతో కనిపించే వీఎల్‌సీ, ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను 2000లో ఫాబ్రిస్ బెలార్ ప్రారంభించారు. రెండూ ఉచితం, రెండింటి మూలపాఠమూ బహిరంగమే.

పెట్టెల సంగతి

ఎంఓవీ ఆపిల్ సంస్థ క్విక్‌టైముతో వచ్చిన పెట్టె, 1991 నాటిది. ఎంపీ4 దాని నమూనా మీదే తయారైంది. అందుకే ఈ రెండింటి మధ్య బదిలీ దాదాపు ఒకే వీధిలో ఇల్లు మారినట్టు ఉంటుంది. ఏవీఐ 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. దానికి ఇక సెలవు ఇవ్వవచ్చు, కొత్త కోడెక్‌లతో అది పొసగదు. ఎంకేవీ అసలు పేరు మత్రోష్కా. ఒకదాంట్లో ఒకటి ఇమిడే రష్యా చెక్కబొమ్మల మీద ఆ పేరు పెట్టారు. 2002లో మొదలైన ఈ పెట్టె మన ఇనపపెట్టె లాంటిది: ఎన్ని ధ్వనులైనా, ఎన్ని సబ్‌టైటిళ్లైనా, దాదాపు ఏ కోడెక్ అయినా పడుతుంది. కాకపోతే కొన్ని టీవీలు, ఫోన్లు దీన్ని తెరవవు. ఎంపీ4 అన్నిచోట్లా తెరుచుకుంటుంది గానీ, తన లోపలికి ఏది రావాలో కాస్త పట్టింపు ఎక్కువ. వెబ్‌ఎం ఇంకా పట్టింపు గలది. వీపీ8, వీపీ9, ఏవీ1 బొమ్మలు, వోర్బిస్, ఓపస్ ధ్వనులు తప్ప వేరేవి రానివ్వదు.

కాబట్టి మొదటి పని పెట్టె మీది పేరు చూడడం కాదు, లోపల ఏముందో చూడడం. వీఎల్‌సీలో వీడియో తెరిచి కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కండి. బొమ్మ ఏ కోడెక్, ధ్వని ఏ కోడెక్, ఎన్ని ప్రవాహాలు ఉన్నాయో అక్కడే చూపిస్తుంది.

ఇక్కడ ఎనిమిదో తరగతి తమ్ముడొకడు అడిగిన ప్రశ్న రాయాలి.

"అన్నా, ఇంత గొడవెందుకు? ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాస్తే సరిపోదా?"

"పూజ సామాను పెట్టె మీద వంటిల్లు అని రాస్తే లోపల మూకుడు దొరుకుతుందా?"

వాడు నవ్వి ఊరుకోలేదు, పేరు మార్చి వీఎల్‌సీలో తెరిచాడు. తెరుచుకుంది! అది మంచి ప్రశ్నే. వీఎల్‌సీ చీటీని నమ్మదు, పెట్టె మూత తీసి చూస్తుంది. ప్రతి రకం పెట్టెకూ మొదట్లోనే ఒక ముద్ర ఉంటుంది. ఏవీఐ ఫైలు మొదటి నాలుగు బైట్లు ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అక్షరాలు. పేరు ఏదైనా ఆ ముద్ర మారదు. చీటీని నమ్మే టీవీకి మాత్రం మన తమ్ముడి ఫైలు అర్థం కాలేదు.

చేసే పద్ధతి

మేము వాడినది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. దీనికి బొత్తాలు, కిటికీలు ఉండవు, ఆదేశాన్ని టైపు చేయాలి. ఆదేశంలో అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. వరసగా ఇలా: ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అన్న పేరు, ఖాళీ, హైఫన్ ఐ, ఖాళీ, పాత ఫైలు పేరు, ఖాళీ, హైఫన్ సి, ఖాళీ, కాపీ అన్న మాట, ఖాళీ, కొత్త ఫైలు పేరు. కొత్త పేరు చివర చుక్క పెట్టి ఎంపీ4 అని రాస్తే ఎంపీ4 పెట్టె, ఎంకేవీ అని రాస్తే ఎంకేవీ పెట్టె వస్తుంది. ఈ ఆదేశానికి ప్రాణం "హైఫన్ సి కాపీ". సి అంటే కోడెక్. "కోడెక్ జోలికి పోవద్దు, ఉన్నది ఉన్నట్టు నకలు చెయ్యి" అని దాని అర్థం. ఆ రెండు మాటలు మరచిపోతే అదే ఆదేశం అంతా విప్పి మళ్లీ మడుస్తుంది, పైగా ఏమీ తప్పు జరగనట్టు ఫైలు ఇస్తుంది.

ఇంకో మాట చేర్చాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తనంతట తాను ఒక బొమ్మ, ఒక ధ్వని మాత్రమే ఎంచుకుంటుంది. మీ ఫైలులో రెండు ధ్వనులు, ఉదాహరణకు హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి ఉంటే, రెండోది పాత ఇంట్లోనే మిగిలిపోతుంది. లారీ కదిలాక గుర్తొచ్చే రకం సామాను అది. పాత ఫైలు పేరు తర్వాత హైఫన్ మ్యాప్, ఖాళీ, సున్న అని రాస్తే లోపల ఉన్నవన్నీ ఎక్కించమని అర్థం.

టైపు చేయడం ఇష్టం లేనివాళ్లకు వేరే దారులున్నాయి. ఎంకేవీ పెట్టె కావాలంటే ఎంకేవీటూల్‌నిక్స్ ఉంది, అది పెట్టె మార్చడం తప్ప మళ్లీ మడవడం చేయనే చేయదు. తెర రికార్డు చేసే ఓబీఎస్‌లో ఫైల్ మెనూలోనే రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ అది బొమ్మను ఎప్పుడూ మళ్లీ మడుస్తుంది. ఈ పనికి దాన్ని వాడకండి.

ఇప్పుడు మా ఫైళ్లు. ఎంఓవీలు, ఎంకేవీలు ఏ పేచీ లేకుండా ఎంపీ4లోకి వెళ్లాయి, లోపల అన్నీ హెచ్.264 బొమ్మలు, ఏఏసీ ధ్వనులే.

విశాఖ ఎంటీఎస్ ఫైళ్ల దగ్గర ఆగవలసి వచ్చింది. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి ఫైళ్లు అవి. బొమ్మ హెచ్.264, ధ్వని ఏసీ-3. ఎంపీ4లోకి మార్చితే కంప్యూటరులో బాగానే ఆడింది, కొన్ని ఫోన్లలో బొమ్మ ఉంది గానీ మాట లేదు. ఆ ఫోన్లకు ఏసీ-3 రాదు. అలాంటప్పుడు మొత్తం మార్చనక్కర్లేదు. బొమ్మకు కాపీ, ధ్వనికి మాత్రం ఏఏసీ అని విడివిడిగా చెప్పవచ్చు: హైఫన్ సి కోలన్ వి కాపీ, హైఫన్ సి కోలన్ ఏ ఏఏసీ. ధ్వనిలో కొంచెం పోతుంది, బొమ్మలో ఏమీ పోదు.

అన్నీ ఎక్కించమనే మ్యాప్ సున్న పెట్టేసరికి అదే ఎంటీఎస్ ఎంపీ4లోకి రానని మొరాయించింది. కారణం వెతికితే ముచ్చటేసింది. ఆ హ్యాండీక్యామ్ వీడియో తీసిన తేదీని, సమయాన్ని లోపల ఒక సబ్‌టైటిల్ ప్రవాహంగా దాచింది. చిన్న చిన్న బొమ్మలుగా ఉండే ఆ రకం సబ్‌టైటిళ్లకు ఎంపీ4లో చోటు లేదు, ఎంకేవీలో ఉంది. వాళ్లింట్లో ఎవరికీ ఆ తేదీలు ఫైలులో ఉన్నాయని తెలియదు. ఎంకేవీలోకి మార్చి వీఎల్‌సీలో సబ్‌టైటిల్ పెట్టగానే తెర మీద తేదీ, గంట, నిమిషం కనబడ్డాయి. మామూలు కన్వర్టరులో వేసి అసలును చెరిపేసి ఉంటే ఆ తేదీలు శాశ్వతంగా పోయేవి. కాబట్టి దాచుకోవడానికి ఎంకేవీ, ఫోనులో చూడడానికి ఎంపీ4 అని రెండు చేశాం.

ఆ ఫైళ్లలో పరుగెత్తే పిల్లల అంచుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు కూడా ఉన్నాయి. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసే పాత పద్ధతి వల్ల వచ్చేవి అవి. పెట్టె మార్చితే పోవు. వాటిని చెరపాలని తొందరపడవద్దు. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ పెడితే చూసేటప్పుడు సర్దుకుంటాయి, ఫైలు మాత్రం చెక్కుచెదరదు.

జోధ్‌పూర్ డీవీడీలో వీఓబీ ఫైళ్లు ఒక్కోటి గిగాబైటు చొప్పున ముక్కలుగా ఉన్నాయి. డీవీడీ నియమమే అంత. బొమ్మ ఎంపెగ్-2, అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. వరస అంకెలున్న ఆ ముక్కలను ఎంకేవీటూల్‌నిక్స్ తానే గుర్తుపట్టి కలిపి ఒక ఎంకేవీ చేసింది. నిజానికి ఈ డీవీడీ గతంలో ఊళ్లో ఒక స్టూడియోకు వెళ్లింది. వాళ్లు "హెచ్‌డీ చేశాం" అని 1920 చుక్కల ఎంపీ4 ఇచ్చారు. పక్కపక్కన పెట్టి చూస్తే డీవీడీ బొమ్మే నయం. చుక్కలు పెరిగాయి, ముఖంలో వివరం పెరగలేదు, గుండ్రటి ముఖాలు అడ్డంగా సాగాయి కూడా.

కత్తిరించాలంటే ఒక చిక్కుంది. హాజరుపట్టీ గుర్తుందా? మధ్యలో ఒక రోజు పేజీ చింపి ఇస్తే "నిన్నటిలాగే" అన్న మాట ఎవరికీ అర్థం కాదు. అందుకే మళ్లీ మడవకుండా కత్తిరించాలంటే కీఫ్రేము దగ్గరే మొదలుపెట్టాలి. మీరు అడిగిన చోటికి ఒకటి రెండు సెకన్లు ముందు నుంచి వస్తుంది. సభలో చూపించే ముక్కకు ముందు రెండు సెకన్లు మైకు సరిచేసే సారు కనిపిస్తే ఏం నష్టం? మా మటుకు అదే బాగుంది.

యానాం ఫైలు

ఇక ఆ 3జీపీ. యానాం మన పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే, కానీ ఇక్కడి నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కాకినాడ దగ్గర ఉంటుంది. అక్కడివాళ్ల మాట తెలుగు. మాలో ఒకరి అమ్మమ్మగారు అక్కడ అరుగు మీద కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడిన వీడియో అది. ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ గొంతు ఉన్నది ఆ ఒక్క ఫైలులోనే.

కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఎన్నో చేతులు మారి తిరుగుతోంది. మామూలుగా వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేసి పంపుతుంది. గ్రూపులో ఉన్న నకలులో మాటల చివరలు మింగేసినట్టు వినిపిస్తాయి. అసలు ఫైలు కోసం పాత ఫోను మెమరీ కార్డు వెతికించాం. దొరికింది. బొమ్మ అడ్డంగా 176, నిలువుగా 144 చుక్కలే, తపాలా బిళ్లంత. కానీ మాట స్పష్టంగా ఉంది. "ఒరేయ్, ఆ ఫోను పక్కన పెట్టి ముందు అన్నం తినరా" అన్న మాట గ్రూపు నకలులో సగమే వినిపిస్తుంది, ఇందులో పూర్తిగా ఉంది.

ఈ ఫైలుకు మేము పెట్టె మార్చలేదు. లోపల బొమ్మ హెచ్.263, ధ్వని ఏఎంఆర్, రెండూ పాత ఫోన్ల కోడెక్‌లు. ఎంపీ4లో పెట్టినా నేటి ఫోన్లు చదువుతాయన్న నమ్మకం లేదు. వీఎల్‌సీ మాత్రం 3జీపీని ఉన్నదున్నట్టే తెరుస్తోంది. కాబట్టి అసలును తాకకుండా దాచి, సభ కోసం దాని నుంచి మళ్లీ మడిచిన నకలు ఒకటి తయారుచేశాం. ఆ నకలుకు కావలసినంత చోటు ఇచ్చాం, బొమ్మ పెద్దది చేయలేదు. మళ్లీ మడవక తప్పనప్పుడు చేయవలసింది అంతే: ఎప్పుడూ అసలు నుంచే చేయాలి, నకలు నుంచి నకలు చేయకూడదు, అసలును చెరపకూడదు.

సరిచూసుకోవడం

పెట్టె మార్చాక లోపల ఏమీ పోలేదని ఎలా తెలుస్తుంది? కంటితో చూస్తే చాలదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ బొమ్మలన్నిటినీ విప్పి చదివి, వాటికి 32 అక్షరాల వేలిముద్ర ఒకటి ఇవ్వగలదు. ఫైలు పేరు తర్వాత హైఫన్ మ్యాప్, ఖాళీ, సున్న కోలన్ వి. హైఫన్ ఎఫ్, ఖాళీ, ఎండీ5. చివర ఖాళీ, ఒంటరి హైఫన్. పాత ఫైలుకు ఒకసారి, కొత్త ఫైలుకు ఒకసారి చేయండి. రెండు వేలిముద్రలూ ఒకటే అయితే ఒక్క చుక్క కూడా మారలేదన్నమాట. ఫైళ్ల మొత్తానికి వేలిముద్ర తీసి పోల్చితే మాత్రం ఎప్పుడూ వేరుగానే వస్తాయి, పెట్టెలు వేరు కదా. పోల్చవలసింది సామానును.

ఎంపీ4తో ఇంకో జాగ్రత్త. దాని జాబితాను సాధారణంగా రికార్డింగు ముగిశాక రాస్తారు. మధ్యలో కరెంటు పోతే జాబితా రాయకుండానే ఆగిపోతుంది, గిగాబైట్ల సామాను ఉన్నా ఏది ఎక్కడుందో తెలియక ఫైలు తెరుచుకోదు. అందుకే సభను కంప్యూటరుతో రికార్డు చేసేవాళ్లు ఎంకేవీలో తీసి, అయ్యాక ఎంపీ4లోకి మార్చడం మేలు. కరెంటు పోయినా ఎంకేవీలో అప్పటిదాకా తీసినది చాలావరకు దక్కుతుంది.

ఏప్రిల్‌లో టీసీ తీసుకుని వెళ్లేవాళ్లకు ఈ వీడియోలన్నీ పెన్‌డ్రైవులో ఇస్తాం. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 గిగాబైట్లు దాటిన ఫైలు ఎక్కదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి తీసుకురండి. అలా మార్చితే దానిలో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందు వేరే చోట దాచుకోండి. వాట్సాప్‌లో కావాలన్నవాళ్లకు డాక్యుమెంటుగా పంపుతాం. 2 గిగాబైట్ల లోపు ఫైలు అలా ఉన్నదున్నట్టు వెళుతుంది. ఫైళ్ల పేర్లలో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత సందర్భం ఉంటాయి. అసలు ఫైలు పేరులో 'అసలు' అని, చూడడానికి చేసిన నకలు పేరులో 'నకలు' అని రాశాం. కొత్త ఊళ్లో వాటికి మళ్లీ పెట్టె మార్చవలసి వస్తే 'అసలు' అని రాసి ఉన్నది తీసుకోండి.